గ్యాస్ మాత్ర రక్తంలో గంటే ఉంటుంది, పని మాత్రం రోజంతా ఎలా చేస్తుంది?

సింధు_బయోకెమ్ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను హనుమకొండలో బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, అందుకే ఇక్కడ తెలుగులో అడుగుతున్నాను. మా నాన్నకు అసిడిటీ. రోజూ పొద్దున పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటారు. దాని గురించి చదువుతుంటే హాఫ్ లైఫ్, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, గంటకు అటూ ఇటూ అని ఉంది. అంటే ఐదారు గంటలకల్లా రక్తంలో దాదాపు ఏమీ మిగలదు. కానీ నాన్నకు మర్నాడు పొద్దుటి దాకా మంట రాదు. మందే లేనప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నట్టు?

ఇంకోటి కూడా ఉంది. ఇంటర్నల్ పరీక్షలో గ్రాఫ్ ఇచ్చి ఇది ఏ రకం ఇన్హిబిటర్ (ఎంజైమ్‌ను ఆపే పదార్థం) అని అడిగారు. వీమాక్స్ (గరిష్ఠ వేగం) తగ్గింది, కేఎం (ఎంజైమ్ పట్టును చూపే అంకె) మారలేదు. నాన్ కాంపిటీటివ్, అంటే ఎంజైమ్ పనిచేసే చోట కాక వేరే చోట కూర్చుని ఆపేది, అని రాశాను. సగం మార్కులే వచ్చాయి. ఇర్రివర్సిబుల్ (ఇక వదలకుండా అంటుకుపోయేది) కూడా అయ్యే వీలుంది కదా, అది ఎందుకు రాయలేదు అన్నారు మేడమ్. ఈ రెండూ గ్రాఫులో ఒకేలా ఎందుకుంటాయో పుస్తకంలో ఎక్కడా దొరకలేదు. ప్రోటీన్ సంశ్లేషణ ఒక యూనిట్, ఎంజైములు ఇంకో యూనిట్, రెండూ వచ్చే వారం పరీక్షలో ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

మందుల_షాపు_వెంకట్ · ఆదివారం రాత్రి 9:40

మొదటిదానికి నేను చెప్తానమ్మా. కడుపులో యాసిడ్ తయారుచేసే కణాల్లో ప్రోటాన్ పంపు అనే ఎంజైమ్ ఉంటుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఆ పంపులో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని గట్టి బంధం వేసుకుంటాయి. ఇక వదలవు. రక్తంలో మందు అయిపోయినా బంధం పడిన పంపు పనిచేయదు, అంతే.

మీ నాన్నగారు పరగడుపున వేసుకోవడం మంచిదే, కానీ తర్వాత అరగంటకో ముప్పావు గంటకో తప్పకుండా టిఫిన్ చేయాలి. ఈ మందు పనిచేస్తున్న పంపునే పట్టుకుంటుంది. తిండి పడినప్పుడే పంపులు కణం పైపొరకు వచ్చి పని మొదలుపెడతాయి. ఖాళీ కడుపున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా తిరిగేవాళ్లు మా షాపుకు చాలామంది వస్తారు, మాత్ర పనిచేయడం లేదు, పవర్ ఎక్కువది ఇవ్వండి అంటారు. మందులో లోపం లేదు, అది వచ్చిన సమయానికి పంపులన్నీ లోపల నిద్రపోతున్నాయి.

రిటైర్డ్_మాస్టారు · ఆదివారం రాత్రి 10:25

సింధూ, నీ రెండో ప్రశ్న చాలా మంచిది తల్లీ. కాకినాడలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ తేడా అడిగిన పిల్లలు బహు తక్కువ.

ముందు వీమాక్స్ అంటే ఏమిటో మళ్లీ చూడు. అది ఎంజైమ్ ఒక్కదాని గుణం కాదు. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు ఎంత పని చేయగలదో, దాన్ని పనిచేసే అణువుల సంఖ్యతో గుణిస్తే వచ్చేది. కేఎం అలా కాదు, ఒక్కో అణువు తన అధస్థ పదార్థాన్ని, అదే మీరు సబ్‌స్ట్రేట్ అంటారు, ఎంత సులువుగా పట్టుకుంటుందో దానికి సంబంధించినది. 100 అణువులున్న గొట్టంలో ఇర్రివర్సిబుల్ ఇన్హిబిటర్ వేసి 40 చంపేశావనుకో. మిగిలిన 60 అణువులకు ఏమీ కాలేదు, వాటి కేఎం ఎప్పటిలాగే ఉంటుంది. పనిచేసేవే 60 కాబట్టి వీమాక్స్ 60 శాతానికి పడిపోతుంది. గ్రాఫు గీస్తే అచ్చం నాన్ కాంపిటీటివ్ లాగే కనిపిస్తుంది. 1913లో మైకేలిస్, మెంటెన్ ఇచ్చిన సమీకరణం పనిచేస్తున్న ఎంజైమ్ ఎంత ఉందో అంతే చూస్తుంది, మిగతావి ఎందుకు ఆగిపోయాయో దానికి తెలియదు.

మరి తేడా ఎలా పట్టాలి? ఆ మిశ్రమాన్ని డయాలిసిస్ సంచిలో పోసి బఫర్‌లో రాత్రంతా ఉంచు. ఇన్హిబిటర్ చిన్న అణువు కాబట్టి బయటికి పోతుంది. రివర్సిబుల్ అయితే పొద్దున్నకు ఎంజైమ్ మళ్లీ పనిచేస్తుంది, బంధం వేసుకున్నదైతే చేయదు. ఇంకో దారి కూడా ఉంది. ఇన్హిబిటర్‌ను ఒకే మోతాదులో ఉంచి ఎంజైమ్ పెంచుకుంటూ పోయి, ఎంజైమ్ మోతాదుకు ఎదురుగా వీమాక్స్ గ్రాఫు గీయి. రివర్సిబుల్ నాన్ కాంపిటీటివ్ అయితే గీత సున్నా దగ్గరే మొదలవుతుంది, వాలు మాత్రం తగ్గుతుంది. ఇర్రివర్సిబుల్ అయితే మొదట పోసిన కొంత ఎంజైమ్ అంతా చచ్చిపోతుంది, ఆ తర్వాత పోసిందే పనిచేస్తుంది కాబట్టి గీత కుడివైపుకు జరిగి అక్కడి నుంచి అసలు గీతకు సమాంతరంగా లేస్తుంది. ఇవి రాయి, మీ మేడమ్ పూర్తి మార్కులు వేస్తారు.

సింధు_బయోకెమ్ · ఆదివారం రాత్రి 10:58

సార్, చాలా చాలా థాంక్స్. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఈ గుణకారం ముందే తెలిసి ఉంటే అంత అయోమయం ఉండేది కాదు.

వెంకటన్నా, పంపు శాశ్వతంగా పోతే నాన్న రోజూ మాత్ర ఎందుకు వేసుకోవాలి? కొత్త పంపులు తయారవుతాయి కాబట్టి అని అర్థమైంది. కానీ అక్కడే ఇంకో అనుమానం. కణంలోని రైబోజోమ్ అనే యంత్రం ప్రోటీన్‌ను నిమిషాల్లో తయారు చేస్తుందని చదివాను. అలా అయితే మాత్ర ప్రభావం గంటలోపే పోవాలి కదా, రోజంతా ఎందుకు ఉంటుంది?

రైబోజోమ్_రాధిక · సోమవారం ఉదయం 6:50

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, రైబోజోమ్ మీదే నా పని. ఈ ప్రశ్న చూసి పొద్దున్నే ఆగలేకపోయాను.

ముందు నిమిషాల లెక్క చూద్దాం. ఆ పంపులో పెద్ద గొలుసులో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. మన కణాల్లో రైబోజోమ్ సెకనుకు దాదాపు ఐదారు అమైనో ఆమ్లాలు కలుపుతుంది, బ్యాక్టీరియాలో అయితే పదిహేను ఇరవై. కాబట్టి ఒక గొలుసుకు మూడు నిమిషాల చిల్లర. ప్రతి అమైనో ఆమ్లాన్నీ ముందు దాన్ని మోసుకొచ్చే టీ-ఆర్‌ఎన్‌ఏకు తగిలించాలి, దానికే కణానికి శక్తినిచ్చే ఏటీపీలో రెండు అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలు ఖర్చు. రైబోజోమ్ మీదికి తీసుకురావడానికి ఏటీపీ లాంటిదే ఒక జీటీపీ, ఒక కోడాన్ (మూడు అక్షరాల సంకేతం) ముందుకు జరగడానికి ఇంకో జీటీపీ. మొత్తం ఒక్క పెప్టైడ్ బంధానికి నాలుగు. వెయ్యి అమైనో ఆమ్లాల గొలుసంటే నాలుగు వేల పైచిలుకు. ఇంత ఖరీదైన వస్తువును కణం అవసరానికి మించి తయారు చేయదు.

సింధూ, అసలు సంగతి ఇక్కడుంది. కణంలో ఏ ప్రోటీన్ అయినా ఒకపక్క తయారవుతూ ఉంటుంది, ఇంకోపక్క పాతది విరిగిపోతూ ఉంటుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒక కణంలో 1000 పంపులున్నాయి, రోజుకు 300 కొత్తవి వస్తాయి, ఉన్నవాటిలో 30 శాతం రోజూ పాడవుతాయి. వచ్చేవీ పోయేవీ సమానం, అందుకే 1000 దగ్గర నిలిచి ఉంటుంది. ఇప్పుడు మాత్ర వేసి మొత్తం 1000 ఆపేశాం. కణం ఒక్కసారిగా 1000 తయారు చేయదు, ఎప్పటిలాగే రోజుకు 300 చొప్పునే వస్తాయి. మొదటి రోజు చివరికి 300. రెండో రోజుకు ఆ 300లో 90 పోయి 210, కొత్తవి 300 కలిపి 510. మూడో రోజుకు 657. అంటే ఒక్క ప్రోటీన్ తయారవడానికి పట్టే మూడు నిమిషాలకూ కోలుకోవడానికి పట్టే రోజులకూ సంబంధమే లేదు. కోలుకునే వేగాన్ని నిర్ణయించేది ఆ ప్రోటీన్ మామూలుగా ఎన్నాళ్లు బతుకుతుందనేది. త్వరగా విరిగిపోయే ఎంజైమ్ త్వరగా తిరిగి వస్తుంది, ఎక్కువకాలం నిలిచేది నెమ్మదిగా వస్తుంది. ఈ ఒక్క వాక్యం రెండు యూనిట్లనూ కలుపుతుంది, సిలబస్ వేసినవాళ్లు వాటిని విడదీసి రెండు గదుల్లో పెట్టడం నాకెప్పుడూ బాధగా ఉంటుంది.

మందుల_షాపు_వెంకట్ · సోమవారం ఉదయం 8:15

రాధికగారు చెప్పింది చదివాక ఆస్పిరిన్ సంగతి చెప్పాలనిపించింది. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రక్తంలో ఉండేది ఇరవై నిమిషాల లెక్కే, కానీ ప్రభావం వారం పైన ఉంటుంది. అది కాక్స్ అనే ఎంజైములో ఒక సెరీన్‌కు ఎసిటైల్ గ్రూపు అంటించేస్తుంది. ప్లేట్‌లెట్లకు న్యూక్లియస్ లేదు కాబట్టి కొత్త ఎంజైమ్ తయారు చేసుకునే దారి దాదాపు లేదు. ఆ ప్లేట్‌లెట్ చచ్చిపోయి మజ్జ నుంచి కొత్తది రావాల్సిందే. దానికి ఏడు నుంచి పది రోజులు. రక్తనాళం లోపలి పొర కణాలకు న్యూక్లియస్ ఉంది, అవి కొన్ని గంటల్లోనే కొత్త ఎంజైమ్ చేసుకుంటాయి. చిన్న మోతాదు ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లనే ఎక్కువగా దెబ్బతీయడానికి ఇదీ ఒక కారణం.

ఇబుప్రోఫెన్ అదే చోట కూర్చుంటుంది కానీ బంధం వేసుకోదు, కాసేపటికి లేచిపోతుంది. ఆస్పిరిన్ కంటే ముందు ఇబుప్రోఫెన్ వేసుకుంటే ఆ సెరీన్ దగ్గరకు ఆస్పిరిన్ వెళ్లలేదు, ఈలోగా ఆస్పిరిన్ రక్తంలోంచి వెళ్లిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఒళ్లు నొప్పులని షాపులో అడిగి ఇబుప్రోఫెన్ కొనుక్కోకండి, మీ డాక్టరును అడగండి. పళ్లు పీకించుకోవాలని ఆస్పిరిన్ సొంతంగా ఆపేవాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా ప్రమాదం.

పత్తిచేను · సోమవారం మధ్యాహ్నం 1:30

చెల్లె, నేను పెద్దగా చదువుకోలేదు, ఇంటర్ ఆగిపోయింది. కానీ మీరు రాసింది చదువుతుంటే మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నా. మాది ఖమ్మం దగ్గర, పత్తి వేస్తాం. పోయిన నెల మా బాపు మిట్టమధ్యాహ్నం గాలికి ఎదురుగా మోనోక్రోటోఫాస్ కొట్టిండు. మాస్కు లేదు, చొక్కా తడిసిపోయింది. సాయంత్రానికి ఒకటే చెమట, నోట్లో నురగ, కళ్లు మసక. 108 వచ్చి తీసుకుపోయింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నం, బతికిండు. ఇప్పుడు బాగానే తిరుగుతుండు. మొన్న మూడు వారాలకు రక్తపరీక్ష చేస్తే కోలినెస్టరేజ్ ఇంకా తక్కువే ఉంది అన్నరు. ఎందుకని అడిగితే చీటీ రాసి పంపిన్రు, చెప్పలేదు. మందు ఇంకా ఒంట్లో ఉన్నట్టా? మళ్లీ చేనుకు పోనియ్యాలా వద్దా?

మత్తు_డాక్టర్ · సోమవారం రాత్రి 9:05

పత్తిచేను తమ్ముడూ, నేను గుంటూరులో మత్తు డాక్టరుగా పనిచేస్తాను, ఐసీయూలో ఇలాంటి కేసులు చాలా చూశాను. మూడు వారాలకు ఆ మందు ఒంట్లో మిగిలి ఉండి ఆ పరీక్షను తగ్గించడం కాదు. జరిగింది చెప్తాను.

నరం నుంచి కండరానికి కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తీసుకెళ్తుంది. పని అయ్యాక దాన్ని వెంటనే విరగ్గొట్టే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైములో ఉన్న సెరీన్‌కు ఫాస్ఫేట్ అంటించేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, అందుకే చెమట, నురగ, కుంచించుకుపోయిన కంటిపాప, ఊపిరి అందకపోవడం. మేమిచ్చే అట్రోపిన్ ఎంజైమ్‌ను బాగుచేయదు, పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ వెళ్లి తగిలే చోటును అడ్డుకుంటుంది, అది కూడా అన్ని చోట్లా కాదు, కండరాల దగ్గర పనిచేయదు. పామ్ అని ఇచ్చే ఇంజెక్షను ఫాస్ఫేట్‌ను ఊడబెరుకుతుంది, కానీ సమయం దాటితే అదీ చేయలేదు. ఆ ఫాస్ఫేట్ కొంచెం మారి ఇంక ఊడని రూపంలోకి వెళ్తుంది, దాన్ని ఏజింగ్ అంటాం. మోనోక్రోటోఫాస్ జాతిలో అది కొన్ని గంటల్లోనే మొదలై చాలావరకు జరిగిపోతుంది, క్లోర్‌పైరిఫాస్ జాతిలో రోజు పైన పడుతుంది. ఆస్పత్రికి ఎంత త్వరగా తెస్తే అంత మంచిది అని మేము మొత్తుకునేది ఇందుకే.

మీ బాపుకు చేసింది సీరమ్ కోలినెస్టరేజ్ అయి ఉంటుంది, మామూలుగా అందరికీ అదే చేస్తారు. అది కాలేయం తయారు చేసి రక్తంలోకి వదిలే ఎంజైమ్. పాతది చచ్చిపోతే కాలేయం కొత్తది చేసి నింపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఎంజైమ్ ఇంకా నెమ్మది, రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున పెరుగుతుంది. వెంకట్‌గారు ప్లేట్‌లెట్ల గురించి చెప్పిన కారణమే ఇక్కడా. ఎర్ర కణానికి న్యూక్లియస్ లేదు, రైబోజోములు లేవు, పోయిన ఎంజైమ్ స్థానంలో కొత్తది చేసుకోలేదు. 120 రోజులు బతికే ఆ కణాలు మారిపోయే కొద్దీ అంకె పెరుగుతుంది. నరాల దగ్గర ఉన్న ఎంజైమ్ అంతకంటే ముందే కోలుకుంటుంది, అందుకే మీ బాపు తిరగగలుగుతున్నారు.

చేనుకు వెళ్లొచ్చు. మందు కొట్టడం, మందు కొట్టిన చేలో వెంటనే దిగడం మాత్రం ఆ అంకె మామూలుకు వచ్చేదాకా వద్దు. ఎంజైమ్ సగమే ఉన్న మనిషికి ఇంకోసారి కొంచెం తగిలినా మొదటిసారి కంటే గట్టిగా కొడుతుంది. ఎప్పుడైనా ఎవరికైనా ఇలా జరిగితే తడిసిన బట్టలు వెంటనే విప్పేసి ఒళ్లంతా సబ్బుతో కడగండి, మందు చర్మం గుండా పోతూనే ఉంటుంది. కడిగేవాళ్లు చేతులకు ఏదైనా తొడుక్కోవాలి. డబ్బా లేబుల్ తీసుకురండి, ఏ జాతి మందో తెలిస్తే మాకు సగం పని తగ్గుతుంది.

పత్తిచేను · సోమవారం రాత్రి 9:50

సార్, ఈ మాట అక్కడ ఎవరైనా చెప్పి ఉంటే మూడు వారాల నుంచి మా అమ్మ నిద్ర లేకుండా ఉండేది కాదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన. గుళికల మందుకు కూడా ఇట్లే అవుతదా?

మత్తు_డాక్టర్ · సోమవారం రాత్రి 10:20

కార్బోఫ్యూరాన్ లాంటి గుళికల మందులు కార్బమేట్లు. అవీ అదే సెరీన్‌ను పట్టుకుంటాయి, లక్షణాలూ అవే, ప్రాణం కూడా తీస్తాయి. కానీ ఆ బంధం నీళ్లతో దానంతట అదే తెగుతుంది, ఎంజైమ్ ఒక రోజులో చాలావరకు తిరిగి వస్తుంది. కొత్త ఎంజైమ్ కోసం వారాలు చూడక్కర్లేదు. మా థియేటర్లో వాడే నియోస్టిగ్మిన్ ఆ కుటుంబానిదే. ఆపరేషన్ అయ్యాక కండరాల మత్తును తిప్పడానికి ఇస్తాం, నాగుపాము కాటుకు రెప్పలు వాలిపోయినప్పుడు అట్రోపిన్‌తో కలిపి ఇస్తాం. చేలో విషమైనదే కొలిచి ఇస్తే మందు.

ఈ కోలినెస్టరేజ్ గురించే ఇంకో విషయం, మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సింది. ఊపిరి గొట్టం వేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షను ఇస్తాం, అది కండరాలను సడలిస్తుంది. సీరమ్ కోలినెస్టరేజ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి ఐదు పది నిమిషాల్లో రోగి మళ్లీ ఊపిరి తీసుకుంటాడు. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ ఉండదు. వాళ్లకు గంటల తరబడి ఊపిరి రాదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. మన రెండు రాష్ట్రాల్లోని ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పరిశోధనల్లో తేలింది. ఆరోగ్యానికి వేరే ఏ లోపమూ ఉండదు, జీవితాంతం తెలియకపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు మేము ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఆలస్యంగా తెలివొచ్చిందా అని అడిగితే దయచేసి గుర్తుచేసుకుని చెప్పండి. రోకురోనియం లాంటి వేరే మందు ఉంది, ముందే తెలిస్తే భయమే లేదు.

రైబోజోమ్_రాధిక · మంగళవారం ఉదయం 7:10

డాక్టర్‌గారూ, ఇది నేను సింధుకు చెప్పాలనుకున్నదే, మీరే తెచ్చారు. ఆ కుటుంబాల్లో దొరికిన మార్పు ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రొలీన్ రావడం. సింధూ, కోడాన్ పట్టిక తెరిచి చూడు. సీయూ అని మొదలయ్యే నాలుగు కోడాన్లూ ల్యూసిన్‌కే, సీసీ అని మొదలయ్యే నాలుగూ ప్రొలీన్‌కే. మధ్య అక్షరం యూ పోయి సీ వస్తే చాలు, రైబోజోమ్ తన పని ఏ తప్పూ లేకుండా చేసినా వచ్చే వస్తువు వేరే. 64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలకు, మూడు ఆపడానికి అని బట్టీ పట్టడం కంటే ఇలా ఒక్కటి చూస్తే ఆ పట్టిక మనసులో నిలుస్తుంది.

ప్రొలీన్ వచ్చినచోట గొలుసు మామూలుగా వంగలేదు, మడత సరిగా కుదరదు. సక్సినైల్‌కోలిన్ పది నిమిషాలుండాలా గంటల తరబడి ఉండాలా అన్నది ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంటుంది.

భీమవరం_బాబి · మంగళవారం ఉదయం 11:45

ఇంత చర్చ జరుగుతోంది, మా ఊరాయన పేరు ఇంకా రాలేదు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. రాధికగారు లెక్క చెప్పిన ఏటీపీని కండరంలో 1929లో కనుక్కున్నవాళ్లలో ఫిస్కేతో పాటు ఆయన ఒకరు, అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుక్కున్నాడు. ఆ తర్వాత అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, దాన్ని పోలిన నకిలీ అణువులనూ తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. 1948లోనే అదే సంస్థ నుంచి బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్ తెచ్చాడు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఒకటి ఎంజైమ్‌ను ఆపేది, ఇంకొకటి బ్యాక్టీరియా ప్రోటీన్ తయారీని ఆపేది. రెండూ ఆయన నడిపిన చోటు నుంచే వచ్చాయి. ఆ ఏడు ఆగస్టులోనే ఆయన పోయారు. మా ఊళ్లోనే చాలామంది పిల్లలకు ఆయన ఎవరో తెలియదు, నాకు అది నిజంగా బాధ.

రిటైర్డ్_మాస్టారు · మంగళవారం మధ్యాహ్నం 12:30

బాబూ, చాలా మంచి మాట గుర్తు చేశావు. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి 1925లో ఫిస్కే, సుబ్బారావు ఇచ్చిన పద్ధతి మా ప్రాక్టికల్స్‌లో ఉండేది. నీలం రంగు రాగానే, ఈ పద్ధతి పేరులో మన భీమవరం మనిషి ఉన్నాడర్రా అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి.

సింధూ, మెథోట్రెక్సేట్ నీకు పరీక్షలో కాంపిటీటివ్‌కు మంచి ఉదాహరణ. ఫోలేట్‌ను పోలి ఉండి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ యాక్టివ్ సైట్‌లో కూర్చుంటుంది. బంధం వేసుకోదు గానీ అసలు సబ్‌స్ట్రేట్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఇర్రివర్సిబుల్ కాకపోయినా ఆచరణలో సబ్‌స్ట్రేట్ పెంచి దాన్ని తోసేయడం చాలా కష్టం. మలోనేట్, సక్సినేట్ అని పుస్తకం ఉదాహరణ ఒక్కటే రాయకు.

మందుల_షాపు_వెంకట్ · మంగళవారం మధ్యాహ్నం 12:52

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క హెచ్చరిక. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. నేను స్ట్రిప్ మీద వారంలో ఏ రోజో పెన్నుతో పెద్దగా రాసి ఇస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వాడుతుంటే ఈ రోజే చూడండి. ఫోలిక్ ఆమ్లం మాత్ర వేరే రోజు వేసుకోమంటారు, రెండూ చూడటానికి పసుపు రంగు చిన్న మాత్రలే కావడంతో తారుమారు అయ్యే ప్రమాదం ఉంది.

సింధు_బయోకెమ్ · మంగళవారం సాయంత్రం 5:20

మా అమ్మమ్మ వాడుతుంది! ఇప్పుడే చూశాను, గురువారం అని డబ్బా మీద రాసి ఉంది, హమ్మయ్య.

టెట్రాసైక్లిన్ ప్రోటీన్ తయారీని ఆపుతుందని బాబి అన్న చెప్పారు. మనకూ రైబోజోములే కదా, మనవి ఎందుకు ఆగవు?

రైబోజోమ్_రాధిక · మంగళవారం రాత్రి 8:40

బ్యాక్టీరియా రైబోజోమ్ 70ఎస్ (ఎస్ అనేది పరిమాణాన్ని సూచించే కొలత, మామూలుగా కూడితే సరిపోదు), అందులో చిన్న ముక్క 30ఎస్, పెద్ద ముక్క 50ఎస్. మనది 80ఎస్, ముక్కలు 40ఎస్, 60ఎస్. రూపురేఖలు ఒకటే అయినా మూలమూలల్లో తేడాలున్నాయి, మందులు ఆ మూలల్ని వెతుక్కుంటాయి. టెట్రాసైక్లిన్ 30ఎస్‌లో కొత్త టీ-ఆర్‌ఎన్‌ఏ వచ్చి కూర్చునే ‘ఎ’ సైట్ (A site) అనే చోటు దగ్గర అడ్డుపడుతుంది. స్ట్రెప్టోమైసిన్ కూడా 30ఎస్ మీదే, అది కోడాన్‌ను తప్పుగా చదివిస్తుంది. క్లోరాంఫెనికాల్ 50ఎస్‌లో పెప్టైడ్ బంధం పడే చోటును మూసేస్తుంది, అజిత్రోమైసిన్ తయారైన గొలుసు బయటికి వచ్చే సొరంగంలో అడ్డంగా కూర్చుంటుంది. ఈ మందులు సరిగ్గా ఎక్కడ కూర్చుంటాయో అణువు అణువూ కనబడేలా చూపించిన పనిలో చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్‌ది పెద్ద వాటా. 2000లో 30ఎస్ నిర్మాణం, 2009లో స్టైట్జ్, యోనత్‌లతో కలిసి నోబెల్. ఇంకో ఆశ్చర్యం కూడా బయటపడింది. పెప్టైడ్ బంధం వేసేది ప్రోటీన్ కాదు, రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏనే. ఎంజైములన్నీ ప్రోటీన్లే అని ఎక్కడైనా ఉంటే ఈ మినహాయింపు రాయి.

అయితే మనవి అస్సలు ఆగవు అనడం పూర్తిగా నిజం కాదు. మన మైటోకాండ్రియాలో వేరే రైబోజోములున్నాయి, అవి బ్యాక్టీరియా వాటికి దగ్గరి చుట్టాలు. క్లోరాంఫెనికాల్, లినెజోలిడ్ ఎక్కువ రోజులు వాడితే రక్తకణాలు తగ్గడం అందుకే. డాక్టరు మధ్యమధ్యలో రక్తపరీక్ష రాస్తే అనవసరం అనుకోవద్దు.

పత్తిచేను · మంగళవారం రాత్రి 9:15

మా చుట్టాలు నల్లగొండ దిక్కు ఆముదం వేస్తరు. ఆముదం చెక్క ఎరువుగా చల్లుతరు, పశువులను మాత్రం దాని దగ్గరికి రానియ్యరు, తింటే చచ్చిపోతయి అంటరు. అది కూడా ఇట్లాంటిదేనా మేడం?

రైబోజోమ్_రాధిక · మంగళవారం రాత్రి 9:48

అన్నా, భలే చోటికి తెచ్చారు. ఆముదం గింజలో రైసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది స్వయంగా ఎంజైమ్. మన 80ఎస్ రైబోజోమ్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అడెనిన్‌ను తీసేస్తుంది. ఆ ఒక్కటి పోతే రైబోజోమ్ ఇక పనిచేయదు. ఇన్హిబిటర్ అయితే ఒక్కటి పోయి ఒక్కదాన్నే ఆపి అక్కడే ఉండిపోతుంది. ఇది ఎంజైమ్ కాబట్టి పని చేసి వదిలేసి ఇంకోదానికి వెళ్తుంది, నిమిషానికి వెయ్యికి పైగా రైబోజోములను పాడుచేయగలదు. దెబ్బతిన్న కణం కొత్త ప్రోటీన్ చేసుకుని కోలుకుందామన్నా చేసే యంత్రమే పోయింది. మన పెద్దలు వాడే ఆముదం నూనెలో అది ఉండదు, రైసిన్ నూనెలో కరగదు, చెక్కలో మిగిలిపోతుంది. పశువులను దూరంగా కట్టేయడం నూటికి నూరుపాళ్లు సరైన పని, పిల్లలు కూడా గింజలు నమలకుండా చూడండి.

సింధు_బయోకెమ్ · శనివారం సాయంత్రం 6:05

ఈ రోజు పరీక్ష అయిపోయింది. ఇర్రివర్సిబుల్, నాన్ కాంపిటీటివ్ తేడా పది మార్కులకు వచ్చింది! మాస్టారు చెప్పిన రెండు గ్రాఫులూ గీశాను, మోనోక్రోటోఫాస్, ఎర్ర కణాలు, రోజుకు ఒక శాతం కూడా రాశాను. పత్తిచేను అన్నా, మీ బాపుగారి సంగతి చెప్పినందుకే అది నాకు గుర్తుండిపోయింది.

నాన్న నిన్న మాత్ర మర్చిపోయారు. కంగారుపడ్డారు కానీ రాత్రి దాకా మంట రాలేదు. రాధిక అక్క వేసిన 300, 510, 657 లెక్క కాగితం మీద వేసి చూపించాను. పూర్తిగా విన్నారు.

పత్తిచేను · శనివారం రాత్రి 8:30

సంతోషం చెల్లె. బాపుకు వచ్చే సోమవారం మళ్లీ పరీక్ష ఉంది, అంకె వచ్చినంక ఇక్కడ రాస్త. ఈసారి మందు కొట్టే పని కూలికి ఇచ్చినం. వాళ్లకు మాస్కు, చేతి తొడుగులు కొనిచ్చిన, పొద్దుగాల గాలి లేనప్పుడే కొట్టుమన్న. పొద్దున ఇద్దరు తొడుక్కున్నరు, ఒకాయన ఉక్కపోస్తుందని తీసి గట్టు మీద పెట్టిండు. రేపు ఆయనకు ఈ ఎర్ర కణాల సంగతి కూర్చోబెట్టి చెప్త.